నలభై రెండు రోజులు – బిడ్డకు తల్లి, తల్లికి ఇల్లు

మర్పల్లి మండలంలో గర్భిణులు, బాలింతలు, వాళ్ల కుటుంబ సభ్యుల అవగాహన సమావేశంలో జిల్లా సమాచార అధికారి చేసిన ప్రసంగ పాఠం. సమావేశానికి రాలేకపోయిన వాళ్ల కోసం ఫోన్‌లో చదువుకునేలా పంపిస్తున్నాం. చదువు రాని పెద్దలు ఇంట్లో ఉంటే చదివి వినిపించగలరు.



ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను డాక్టర్‌ను కాను. సమాచార శాఖలో పని చేస్తా. సర్కారు ఏమిస్తుంది, ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి అనేది మీకు అర్థమయ్యేటట్టు చెప్పడం నా పని. ఇవాళ నేను చెప్పే ఆరోగ్య విషయాలన్నీ మీ ఆశా అక్క, ఏఎన్ఎం, దవాఖాన డాక్టర్లు రోజూ చెప్పేవే. వాటిని ఒక్క చోట చేర్చి, ఒక్క సంగతి మీ మనసులో పెట్టి పోదామని వచ్చిన.

ఆ సంగతి ఇది. కాన్పు అయిన రోజు నుంచి నలభై రెండు రోజులు బిడ్డను తల్లి చూసుకుంటుంది. ఆ తల్లిని ఎవరు చూసుకుంటారు? ఇల్లు చూసుకోవాలి. ఈ రెండోది జరగని ఇంట్లో మొదటిది కూడా సరిగ్గా జరగదు.

ఈ నలభై రెండు రోజులు ఎందుకు?

ఒకప్పుడు మన ఊళ్లలో కాన్పు ఇంట్లోనే, మంత్రసాని చేతుల్లోనే. ఇప్పుడు ఆ రోజులు పోయినయి. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. ఇది పెద్ద మార్పు. కానీ దవాఖానలో ఉండేది మూడు రోజులు, ఆపరేషన్ అయితే వారం. ఆ తర్వాత ఆటో ఎక్కి, లేదా అమ్మ ఒడి బండి ఎక్కి ఇంటికొస్తారు. నర్సు ఉండదు, డాక్టర్ ఉండడు. బిడ్డకు మాత్రం అసలైన గండం ఇంకా దాటలేదు. పుట్టిన 28 రోజుల్లోపు చనిపోయే బిడ్డల్లో ఎక్కువ మంది మొదటి వారంలోనే పోతారు. అంటే ఇంటికి చేరే రోజులూ, ప్రమాదం ఉండే రోజులూ ఒకటే.

మరి ఇంటి దగ్గర ఏమీ చేయలేమా? చేయగలమని మన పక్కనే రుజువు చేసి చూపించారు. మన రాష్ట్రానికి ఆనుకునే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఉంది. అడవి ప్రాంతం, పేద ప్రాంతం. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అనే దంపతులు 'సెర్చ్' అనే సంస్థ పెట్టి, 1990లలో 39 ఊళ్లలో ఒక పని చేశారు. ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. బిడ్డ బరువు తూయడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి లెక్కపెట్టడం, పాలు పట్టించడం, ఇన్ఫెక్షన్ వస్తే గుర్తుపట్టి మందివ్వడం నేర్పారు. వాళ్లు ఇంటింటికీ పోయి చూశారు. మూడో ఏడాదికి వచ్చేసరికి, పోల్చి చూసిన మిగతా ఊళ్లతో పోలిస్తే నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత 2011లో అదే పద్ధతి దేశమంతటా ఆశా కార్యకర్తల ద్వారా మొదలైంది. ఇవాళ మీ ఆశా అక్క సంచిలో తూకం, థర్మామీటర్ పెట్టుకుని మీ గుమ్మం ముందుకు వస్తున్నదంటే దాని వెనక ఇంత కథ ఉంది.

ఆశా ఏ రోజుల్లో వస్తుంది?

ఆసుపత్రిలో కాన్పు అయితే 3వ రోజు, 7వ రోజు, 14వ రోజు, 21వ రోజు, 28వ రోజు, 42వ రోజు. మొత్తం ఆరుసార్లు. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు. ఈ రోజులు గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. మీరు ఒక్క రూపాయి ఇవ్వక్కర లేదు.

ఆమె వచ్చినప్పుడు "అంతా మంచిగనే ఉన్నం" అని వాకిట్లోంచే పంపకండి. లోపలికి పిలవండి. బిడ్డను తూయమనండి. బొడ్డు చూపించండి. పాలు ఎలా పడుతున్నారో ఆమె ముందు పట్టి చూపించండి. మీ ఒంట్లో సంగతి కూడా చెప్పండి.

మన దగ్గర ఒక చిక్కు ఉంది. మొదటి కాన్పు తల్లిగారింట్లో చేయడం మన ఆనవాయితీ. మర్పల్లి కోడలు జహీరాబాద్ దిక్కు పోతుంది, బీదర్ దిక్కు పోతుంది. అక్కడి ఆడపిల్ల పురిటికి ఇక్కడికి వస్తుంది. అత్తగారి ఊరి ఆశా రిజిస్టర్‌లో పేరుంటుంది, మనిషి ఉండదు. తల్లిగారి ఊళ్లో మనిషి ఉంటుంది, రిజిస్టర్‌లో పేరుండదు. ఈ రెండింటి మధ్య ఆరు రాకపోకలూ గాలికి పోతాయి. అందుకే పురిటికి పోయేటప్పుడు చీరలు, బిడ్డ బట్టలతో పాటు తల్లీబిడ్డల రక్షణ కార్డు సంచిలో పెట్టుకోండి. పోయే ముందు ఇక్కడి ఆశాకు చెప్పండి. పోయిన వారంలోపే అక్కడి ఆశాకు కార్డు చూపించండి. రాష్ట్రం దాటి పోయినా సరే, ఆశాలు అక్కడా ఉన్నారు. కార్డు చూస్తే వాళ్లకు అన్నీ అర్థమవుతాయి.

పాలు: మొదటి గంట, మొదటి ఆరు నెలలు

బిడ్డ పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించాలి. ఆ సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. తెలంగాణలో గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 37 మందే. ఆసుపత్రిలో నూటికి 97 మంది పుడుతుంటే, మొదటి గంటలో పాలు అందేది 37 మందికి. ఎందుకు? ఒక కారణం ఆపరేషన్లు. ఆ సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 60కి పైగా కాన్పులు కోతతోనే అయ్యాయి. నడుముకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేస్తే తల్లి మెలకువగానే ఉంటుంది. పక్కనున్న వాళ్లు బిడ్డను పట్టుకుని సాయం చేస్తే పాలు పట్టవచ్చు. "ఇంకా పాలు పడలేదు కదా" అని ఆగనక్కర లేదు. మొదట వచ్చే పసుపు పచ్చటి చిక్కటి ముర్రుపాలు చెంచాడే ఉన్నా చాలు, ఆ రోజు బిడ్డ కడుపు కూడా అంతే ఉంటుంది. రోగాల నుంచి బిడ్డను కాపాడే గుణం వాటిలో ఉంది. పిండి పారబోయకండి.

ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు. తేనె వద్దు, చక్కెర నీళ్లు వద్దు, వస వద్దు, ఊళ్లోకి తోలుకొచ్చి అమ్మే గాడిద పాలు వద్దు. ఎండాకాలం అయినా విడిగా నీళ్లు వద్దు. తల్లిపాలలోనే బిడ్డకు కావలసిన నీళ్లుంటాయి. డాక్టర్ రాసిన మందు ఒక్కటే దీనికి మినహాయింపు.

"పాలు సాలుతలేవు" అనే మాట ప్రతి ఊళ్లో వింటాం. ఆ మాట అనే ముందు లెక్క చూడండి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రాత్రి కూడా కలిపి, బిడ్డ పాలు తాగుతున్నదా? ఐదో రోజు తర్వాత రోజుకు ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ మూత్రం పోస్తున్నదా? ఆశా తూకంలో బరువు పెరుగుతున్నదా? అయితే పాలు చాలుతున్నట్టే. మొదటి కొన్ని రోజులు బరువు కొంచెం తగ్గడం మామూలే. రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు మళ్లీ రావాలి. రాకపోతే చూపించాలి. ఏడ్చిన ప్రతిసారీ ఆకలే కాదు. తడిసినా, చలి పెట్టినా, నిద్ర వచ్చినా, ఎత్తుకోవాలనిపించినా వాళ్లకు తెలిసిన భాష ఏడుపే.

రొమ్ము నొప్పి పెడితే చాలాసార్లు బిడ్డ పట్టు సరిగ్గా లేదని అర్థం. చనుమొన ఒక్కటే కాకుండా దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా ఎక్కువగా బిడ్డ నోట్లోకి పోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి. మాటల్లో చెప్తే ఇది అంతు పట్టదు. ఏఎన్ఎంను పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకోండి.

వెచ్చదనం, బొడ్డు, స్నానం

పుట్టిన బిడ్డను వెంటనే కడగొద్దు. కనీసం ఒక రోజు ఆగాలి. రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుంటే డాక్టరో ఏఎన్ఎమ్మో చెప్పేదాకా స్నానం మాట ఎత్తొద్దు, తడి బట్టతో తుడిస్తే చాలు. అలాంటి బిడ్డకు అన్నిటికన్నా మంచి మందు తల్లి ఒళ్లు. బట్టలు లేకుండా బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేటట్టు పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకోవాలి. దీన్ని కంగారూ పద్ధతి అంటారు. తల్లి అలసిపోతే తండ్రి చేయవచ్చు, అమ్మమ్మ చేయవచ్చు. తండ్రి ఛాతీ కూడా వెచ్చగానే ఉంటుంది.

బొడ్డుకు ఏమీ పెట్టొద్దు. పసుపు, బూడిద, నూనె, పౌడర్ ఏదీ వద్దు. పొడిగా, గాలి తగిలేటట్టు వదిలేస్తే దానంతట అదే ఎండి రాలిపోతుంది. లంగోటీ బొడ్డు కిందికి కట్టండి.

ఇప్పుడు అత్తమ్మలకు, అవ్వలకు ఒక మాట. కోపానికి రావద్దు. మీరు మమ్మల్ని పెంచారు, మీ చేతుల్లోనే మేమంతా పెరిగినం. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోయడం మీకు తెలిసినంత ఏ నర్సుకూ తెలియదు. ఆ చేతులు మాకు కావాలి. కానీ నాలుగు పనులు మాత్రం ఆపండి. ముక్కులో, చెవుల్లో నూనె పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుంది. మరిగే నీళ్లు పోయకండి. కళ్లకు కాటుక పెట్టకండి, దిష్టి కోసమైతే అరికాలికి చిన్న చుక్క పెట్టుకోండి. మంచం కింద కుంపటి, గదినిండా సాంబ్రాణి పొగ వద్దు. తలుపులు మూసిన గదిలో ఆ పొగ పసిగుడ్డు ఊపిరికి బరువు. బిడ్డను ఎత్తుకునే ముందు ప్రతి ఒక్కరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చూడవచ్చే చుట్టాలకు ఇది చెప్పే పని బాలింత మీద పెట్టొద్దు. ఇంట్లో పెద్దగా మీరే చెప్పండి. మీరు చెప్తే ఎవరూ తప్పు పట్టరు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగొద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఈ భాగాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

• బిడ్డ పాలు తాగడం మానేసినా, పీల్చలేకపోయినా
• కదలిక తగ్గి, లేపినా లేవక మబ్బుగా పడి ఉన్నా
• నిమిషానికి 60 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా
• ఒళ్లు కాలుతున్నా, అంటే థర్మామీటర్‌లో 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా
• ఒళ్లు, అరికాళ్లు చల్లబడినా
• ఫిట్స్ వచ్చినా
• బొడ్డు చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, ఒంటి మీద చీము పొక్కులు వచ్చినా
• పుట్టిన మొదటి రోజే ఒళ్లు పచ్చబడినా, తర్వాత అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చదనం పాకినా
• కడుపు ఉబ్బి, వాంతులు ఆగకపోయినా

వీటిలో ఒక్కటి కనిపించినా సరే, దవాఖానకు పోవాలి. అందరూ కలిసి నిర్ణయం చేసేదాకా ఆగొద్దు. "వాళ్ల నాయన హైదరాబాద్ నుంచి వచ్చినంక చూద్దాం", "రేపు మంచి రోజు", "తాయెత్తు కట్టించి చూద్దాం" అన్న మాటల్లోనే సమయం పోతుంది. పెద్దవాళ్లకు జ్వరం వస్తే రెండు రోజులు ఓర్చుకుంటారు. నెల లోపు బిడ్డకు ఆ రెండు రోజుల ఓర్పు ఉండదు, పొద్దున మామూలుగా ఉన్న బిడ్డ సాయంత్రానికి చేయి దాటిపోవచ్చు.

కాబట్టి కాన్పుకు ముందే ఇంట్లో ఒక మాట అనుకోండి. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా, ఇంట్లో ఎవరుంటే వాళ్లే 108కు ఫోన్ చేస్తారు, తల్లి ఎవరి అనుమతీ అడగక్కర లేదు అని. తండ్రులు ఈ మాట నోటితో చెప్పండి. మీరు పనికి పట్నం పోయి ఉన్నప్పుడు ఆ మాటే మీ ఇంట్లో ఉన్న ధైర్యం. నవజాత శిశువులకు ప్రత్యేక విభాగం ఉన్న దగ్గరి సర్కారు ఆసుపత్రి ఏదో ఆశాను ముందే అడిగి పెట్టుకోండి. దారిలో బిడ్డను తల్లి ఒంటికి ఆనించుకుని వెచ్చగా తీసుకుపోండి. పీల్చగలిగితే దారిలో కూడా పాలు పట్టండి.

ఏడాది నిండేదాకా సర్కారు ఆసుపత్రిలో బిడ్డ వైద్యం ఉచితం. పరీక్షలు, మందులు, అవసరమైతే రక్తం, రానూపోనూ బండి, ఇవన్నీ జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద మీ హక్కు. చేతిలో డబ్బు లేదని ఆగిపోవద్దు.

తల్లి ఒళ్లు

బిడ్డ పుట్టగానే ఇల్లంతా తొట్టెల చుట్టూ చేరుతుంది. తల్లి మంచం మీదే ఉంటుంది గానీ అడిగేవాళ్లు తగ్గిపోతారు. ఆమెకూ ప్రమాద గుర్తులున్నాయి. రక్తస్రావం ఎక్కువై గంటకో బట్ట తడిసిపోతున్నా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో మైల పోతున్నా, తల పగిలే నొప్పి వచ్చి చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా, కుట్ల దగ్గర చీము పట్టినా, రొమ్ము ఎర్రబడి గట్టిపడి జ్వరం వచ్చినా వెంటనే చూపించాలి. "బాలింత అన్నంక నొప్పులుండవా" అని తోసేయొద్దు.

తిండి సంగతి. పథ్యం పేరుతో బాలింతకు కారం అన్నం, వెల్లుల్లి పొడి పెట్టి, నీళ్లు కూడా లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలు తయారవ్వాలంటే నీళ్లు కావాలి, దాహమేసినప్పుడల్లా తాగనివ్వండి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పండు పెట్టండి. కంది పండే నేల మనది. తాండూరు కందిపప్పుకు దేశమంతా పేరుంది. మన ఇంటి బాలింత గిన్నెలో ఆ పప్పు లేకపోతే ఎట్లా?

2022 డిసెంబర్‌లో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు మొదలుపెట్టినప్పుడు, రక్తహీనత ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాలను ఎంచుకున్నారు. అందులో మన వికారాబాద్ ఒకటి. ఆ జాబితాలో పేరుండటం సంతోషపడే సంగతి కాదు. రక్తం తక్కువున్న ఒంటికి కాన్పుతో ఇంకొంత రక్తం పోతుంది. కాబట్టి కాన్పు తర్వాత కూడా ఆరు నెలలు ఐరన్ మాత్ర రోజూ వేసుకోవాలి. మలం నల్లగా వస్తే భయపడొద్దు, అది మాత్ర వల్లే.

తల్లి మనసు

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. నా బిడ్డ పుట్టేనాటికే ఆ వారోత్సవాల ప్రెస్ నోట్లు చాలాసార్లు రాసినదాన్ని. ఇంటికొచ్చిన తర్వాత నాలుగో రోజు రాత్రి బిడ్డ రొమ్ము పట్టదు, ఏడుపు ఆపదు. కుట్లు నొప్పి. నేను రాసిన నోట్లలో ఒక్క వాక్యం గుర్తుకు రాలేదు. బాత్రూంలోకి పోయి, ఎవరికీ వినపడకుండా నల్లా తిప్పి ఏడ్చిన. ఇంత చదువుకుని ఒక్క బిడ్డను పట్టలేకపోతున్నానే అని సిగ్గేసింది. మా అమ్మ తలుపు కొట్టింది. "నీళ్లు ఊకెనే పోతున్నయి బిడ్డా, బయటికొచ్చి ఏడువు" అన్నది. బిడ్డను తన దగ్గరికి తీసుకుని, "రెండు గంటలు పండుకో, ఆకలైతే నేనే లేపుత" అన్నది. ఆ రెండు గంటల నిద్ర తర్వాత బిడ్డా అదే, నొప్పీ అదే. కానీ నేను కొంచెం మనిషినయిన.

కాన్పు తర్వాత రెండు మూడు రోజులకు ఊరికే ఏడుపు రావడం, చిరాకు, భయం, నిద్ర పట్టకపోవడం చాలా మంది తల్లులకు ఉంటుంది. ఒంట్లో మార్పులు, నిద్ర లేకపోవడం దీనికి కారణాలు. నిద్ర, తిండి, తోడు దొరికితే రెండు వారాల్లోపు తగ్గిపోతుంది.

రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది వేరే. రోజంతా దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం, బిడ్డను చూసినా మనసుకు ఏమీ అనిపించకపోవడం, "నేను చెడ్డ తల్లిని" అనే ఆలోచన, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర రాకపోవడం. ఇది జబ్బు. దీనికి వైద్యం ఉంది, పాలిచ్చే తల్లికి ఇవ్వగలిగిన మందులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనలాంటి దేశాల్లో కాన్పు అయిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి ఏదో ఒక మానసిక ఇబ్బంది, ముఖ్యంగా ఈ దిగులు జబ్బు వస్తుంది. ఇవాళ ఇక్కడ కూర్చున్న వరుసలు లెక్కపెట్టుకుంటే, ఇది మనకు సంబంధం లేని సంగతి కాదని తెలుస్తుంది. ఆడపిల్ల పుట్టిందని ఇంట్లో ముఖాలు ముడుచుకున్న చోట, తల్లి మనసు మీద ఆ బరువు ఇంకా పెరుగుతుంది. ఆడపిల్లో మగపిల్లాడో నిర్ణయించేది తండ్రి నుంచి వచ్చే కణం అన్నది సైన్స్ పాఠం. ఆ మాట అత్తగారింట్లో ఎవరో ఒకరు గట్టిగా అనాలి.

చచ్చిపోవాలనిపించినా, బిడ్డను ఏమైనా చేస్తానేమో అని భయమేసినా, లేని మాటలు వినిపించినా, రోజుల తరబడి నిద్ర లేక పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది అత్యవసరం. దయ్యం కాదు, గాలి సోకడం కాదు. ఆ తల్లిని ఒంటరిగా వదలొద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి. మాట్లాడుకోవడానికి టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. ఇరవై నాలుగు గంటలూ, డబ్బు లేకుండా, తెలుగులో మాట్లాడవచ్చు. తల్లే చేయాలని లేదు, భర్త చేయవచ్చు, అత్త చేయవచ్చు.

ఇల్లు చేయవలసిన పనులు

తల్లికి రోజులో ఒక్కసారైనా వరసగా రెండు మూడు గంటల నిద్ర దొరకాలి. పాలివ్వడం ఒక్కటే తల్లి తప్ప ఎవరూ చేయలేని పని. బట్టలు మార్చడం, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడం, జోకొట్టడం, ఉతకడం, నీళ్లు కాయడం అన్నీ ఎవరైనా చేయవచ్చు. తండ్రులకు ఒక మాట: పట్నంలో పని ఉన్నా రోజూ ఫోన్ చేసినప్పుడు "బిడ్డ ఎట్లున్నడు?" అని అడిగే ముందు "నువ్వు తిన్నవా, పండుకున్నవా?" అని అడగండి. నలభై రెండో రోజు ఆశా వచ్చినప్పుడు తదుపరి కాన్పుకు ఎడం గురించి ఇద్దరూ కలిసి మాట్లాడుకోండి. కాపర్-టీ, అంతర ఇంజెక్షన్ లాంటివి సర్కారు దవాఖానలో ఉచితం.

సర్కారు ఇచ్చేవి, మీరు అడగవలసినవి

ఆరోగ్యలక్ష్మి: గర్భిణులకు, బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. 2015 జనవరి నుంచి ఈ పేరుతో నడుస్తున్నది. తల్లిగారి ఊళ్లో ఉంటే అక్కడి అంగన్‌వాడీలో పేరు రాయించండి.

బాలామృతం: ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు అంగన్‌వాడీలో ఇచ్చే పిండి. ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు పైతిండిగా పెట్టాలి.

తల్లీబిడ్డల కిట్: సర్కారు ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లులకు 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పేరుతో మొదలైంది. మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలవారీగా తల్లి ఖాతాలో వేసేలా పథకాన్ని రూపొందించారు. ఇప్పుడు మీకు ఏం అందుతుందో మీ నమోదు చూపించి ఏఎన్ఎంను అడగండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. విడత ఆలస్యమైనా, కిట్ అందకపోయినా, వైద్యం, టీకాలు, ఆశా రాకపోకలు ఆగవు. డబ్బు రాలేదని టీకా మానేస్తే నష్టం బిడ్డకే.

టీకాలు: పుట్టిన వెంటనే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి. తర్వాత 6, 10, 14 వారాలకు. తొమ్మిది నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా. టీకా వేసిన రోజు కొంచెం జ్వరం రావడం మామూలే.

పుట్టిన తేదీ నమోదు: 21 రోజుల్లోపు అయితే ఉచితం. ఆసుపత్రిలో పుడితే అక్కడే అడిగి రాయించండి. పేరు తర్వాత చేర్చవచ్చు.

గుర్తుంచుకోవలసిన నంబర్లు

అత్యవసర అంబులెన్స్: 108
అమ్మ ఒడి వాహనం, అంటే గర్భిణుల పరీక్షలకు, కాన్పు తర్వాత తల్లీబిడ్డలు ఇంటికి రావడానికి: 102
టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు: 14416

వీటి పక్కన మీ ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్ నంబర్లు కూడా రాసి, తలుపు వెనక అంటించండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా తలుపు అక్కడే ఉంటుంది.

చివరగా, ఈ పీడీఎఫ్ మీకు వచ్చిందంటే మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒక బాలింత ఉండి ఉంటుంది. ఆమెకు పంపడం మంచిదే. అంతకన్నా ముందు ఆమె భర్తకు, అత్తమ్మకు పంపండి. ఆమెకు చదివే తీరిక ఉండదు. ఇవాళ సాయంత్రం ఒక్కసారి ఆ ఇంటికి పోయి, బిడ్డను ఎత్తుకుని, "నువ్వు కాసేపు పండుకో, నేనున్న" అనండి.

సెలవు. తల్లీబిడ్డలు క్షేమంగా ఉండాలి.